నారుమడి వేళకి లేవని లాప్‌టాప్

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను కలిస్తే అడిగేది ఒకటే. "మేడం, ఏ కోర్సు చేస్తే బాగుంటుంది?" ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్లు మండుతుంది. కోర్సుల సంగతి నాకేం తెలుసు? గుంటూరు బ్రాడీపేటలో ఒకే షాపులో ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్లు విప్పి బిగించినదాన్ని. జీతం ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు సీనియర్ని అయ్యానో రాయమంటే రాయలేను, నాకే గుర్తు లేదు. గుర్తున్నవి మిషన్లు, వాటిని మోసుకొచ్చిన మనుషులు, నేను చేసిన తెలివితక్కువ పనులు. అవే రాస్తాను.

ఒకటి మాత్రం ముందే చెప్పేస్తాను. చచ్చిందనుకున్న మిషన్ లేచి తెర మీద వెలుగొచ్చే క్షణం ఉంది చూశారూ, దానికోసం నేను మధ్యాహ్నం భోజనాలు మానేసిన రోజులు లెక్కలేదు. ఇప్పటికీ పక్కింట్లో లాప్‌టాప్ ఆన్ అవ్వట్లేదని తెలిస్తే నా చేతులు దురద పెడతాయి. పిలవకపోయినా వెళ్తాను. ఆ దురద లేనివాళ్లు ఇంకేదైనా ఉద్యోగం చూసుకోండి, తప్పేం లేదు.

ఇంజనీరు గారు లేరా అమ్మా?

తొంభైల చివర్లో నేను పనిలో చేరినప్పుడు షాపులోకి వచ్చే ప్రతివాడూ ఇదే అడిగేవాడు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంటాను, నా భుజం మీదుగా లోపలికి చూస్తూ అడుగుతారు. మొదట్లో ఉక్రోషంగా ఉండేది. తర్వాత, "ఉన్నారండి, నేనే" అని వాళ్ల చేతిలోని మిషన్ లాక్కోవడం మొదలుపెట్టాను.

మా యజమాని ఖాదర్ బాషా గారు. అంతకుముందు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవారు. కంప్యూటర్ని కూడా పెద్ద రేడియో అనే పిలిచేవారు. ఆయనకి ఇంగ్లీషు పెద్దగా రాదు, మిషన్ వాసన చూసి ఏ ముక్క కాలిందో చెప్పేవారు. నాకు పని నేర్పింది ఆయనే, చీవాట్లు పెట్టిందీ ఆయనే.

"స్క్రూడ్రైవర్ తర్వాత మణీ. ముందు మనిషిని కూర్చోబెట్టు. పొద్దుటి నుంచి ఏం జరిగిందో చెప్పించు" అనేవారు.

నేను వినేదాన్ని కాదు. మిరపకాయల యార్డులో ఒక కమీషన్ కొట్టు కంప్యూటర్ రోజూ పదకొండు గంటలయ్యేసరికి ఆగిపోయేది. పవర్ సప్లై మార్చాను. మళ్లీ వచ్చింది. ఈసారి బోర్డు మీద అనుమానం పడ్డాను. బాషా గారు టీ తాగుతూ, మిషన్ మోసుకొచ్చిన గుమాస్తాని అడిగారు.

"ఎక్కడ పెట్టారయ్యా దీన్ని?"

"కాటా పక్కనేనండి. మిరప బస్తాలు, అవే టిక్కీలు దించే చోట."

బాషా గారు నా వంక చూసి నవ్వారు. ఆ నవ్వు అర్థమయ్యేలోపే నేను మూత ఊడదీశాను, అదీ సీలింగ్ ఫ్యాను కింద. లోపల ఫ్యాను రెక్కల మీద వేలు మందాన ఎర్రటి కారం పట్టి ఉంది. అదంతా గాల్లోకి లేచింది. షాపులో ఉన్న అందరం తుమ్ములే తుమ్ములు, కళ్లల్లో ధార. ఎదురు టీ బంకువాడు కూడా తుమ్ముతూ మమ్మల్ని తిట్టాడు. దుమ్ము దులిపి పంపాక ఆ మిషన్ మళ్లీ రాలేదు. ఆ రోజు నుంచి యార్డు మిషన్లని అరుగు మీద పెట్టి, ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని విప్పేదాన్ని. అడగకుండా విప్పడం మాత్రం మానలేదు. దానికి ఇంకా పెద్ద దెబ్బ తగలాల్సి వచ్చింది.

ఫార్మాట్ అనే జబ్బు

ఆ రోజుల్లో మా వీధిలో ఏ షాపుకెళ్లినా ఒకటే వైద్యం. వైరస్ వచ్చిందా, ఫార్మాట్. నెమ్మదిగా ఉందా, ఫార్మాట్. పాస్‌వర్డ్ మర్చిపోయారా, ఫార్మాట్. అంటే డిస్కు మీదున్నదంతా తుడిచేసి, ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ కొత్తగా వేయడం. గంటలో పని అయిపోతుంది, బుర్ర పెట్టక్కర్లేదు. మొహమాటం లేకుండా చెప్తున్నాను, ఇది బద్ధకం. నేనూ ఆ బద్ధకంలో చాలా ఏళ్లు బతికాను.

నరసరావుపేట నుంచి సునీత గారని ఒక లెక్చరర్ లాప్‌టాప్ తెచ్చారు. సిస్టమ్ పాడైంది. ఆవిడ ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి. అంటే డిస్కులో సిస్టమ్ ఉండే భాగం వేరు, ఆవిడ రాసుకున్నవి ఉండే భాగం వేరు. నేను సిస్టమ్ ఉన్న భాగం మాత్రమే ఫార్మాట్ చేశాను. డి డ్రైవ్‌ని వేలితో కూడా ముట్టుకోలేదు. అన్నీ భద్రంగా ఉన్నాయని చూపించి పంపించాను. ఫైళ్ల పేర్లు మామూలుగా నల్లగా ఉంటాయి. ఆవిడ ఫైళ్లలో కొన్నిటి పేర్లు ఆకుపచ్చగా ఉన్నాయి. నాకేం అనిపించలేదు, పైగా బాగున్నాయే అనుకున్నాను.

రెండో రోజు ఫోన్ చేశారు. "మేడం, పచ్చవి తెరుచుకోవడం లేదండి."

అప్పుడు పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. పచ్చ పేరంటే ఆ ఫైలుకి తాళం వేసుకున్నారని. ఆ తాళంచెవి డి డ్రైవ్‌లో ఉండదు. సిస్టమ్ ఉన్న భాగంలో, వాళ్ల పాస్‌వర్డ్‌తో ముడిపడి ఉంటుంది. నేను తుడిచేసింది ఆ తాళంచెవినే. ఇంక ఎవరూ తెరవలేరు, చేసిన కంపెనీవాళ్లు కూడా.

"ఫోన్లో చెప్పకు" అన్నారు బాషా గారు. "వెళ్లి చెప్పు."

బస్సెక్కి వెళ్లాను. సునీత గారు పత్తి తీసే ఆడకూలీలు పాడే పాటల మీద పరిశోధన చేస్తున్నారు. ఊరూరా తిరిగి టేపులో రికార్డు చేసి, విని రాసుకుని, అదే క్యాసెట్ మీద ఇంకో ఊళ్లో ఇంకో పాట రికార్డు చేసేవారు. కొత్త క్యాసెట్లు కొనే స్తోమత లేదు. రాసుకున్నవే ఆ పచ్చ ఫైళ్లు. నేను తలొంచుకుని జరిగింది చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మళ్లీ వెళ్లి పాడించుకుందామంటే, వాళ్లలో ఇద్దరు ముసలమ్మలు పోయారమ్మా" అన్నారు.

ఆ మాట ఈ రోజుకీ నన్ను వదల్లేదు. మంచినీళ్లు ఇచ్చారు, తాగి వచ్చేశాను. బస్సులో నరసరావుపేట నుంచి గుంటూరు దాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఇంకొల్లు నుంచి ఎరువుల సంచి

రెండు వేల అయిదు ప్రాంతం. తొలకరి దాటి నాలుగు మంచి వానలు పడ్డ రోజులు. పొద్దున్నే షాపు తీసేసరికి మెట్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఎరువుల సంచి, అందులో తువ్వాలు, తువ్వాల్లో లాప్‌టాప్. పేరు కోటేశ్వరరావు, ఊరు ఇంకొల్లు పక్కన. ఏడాది కిందట మా దగ్గరే పాత లాప్‌టాప్ కొనుక్కెళ్లాడు. తెల్లవారుజామున మొదటి బస్సుకి బయల్దేరాడట.

లోపలికి వచ్చాడు గానీ నోరు విప్పడు. తన వెనకే వచ్చి బెంచీ మీద కూర్చున్న సాంబయ్య గారి వంకే చూస్తున్నాడు.

"ఆయనెవరండీ?" అన్నాడు మెల్లగా.

"సాంబయ్య గారు. విత్తనాల షాపుంది. ప్రింటర్ పాడైతే తెచ్చారు."

విత్తనాల షాపు అనేసరికి ఆయన సంచిని గుండెకి హత్తుకున్నాడు. సాంబయ్య గారు ప్రింటర్ అక్కడ పెట్టి, సాయంత్రం వస్తానని వెళ్లిపోయే దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన వెళ్లాక సంచి బల్ల మీద పెట్టాడు.

నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. దాన్ని సొరుగులో పడేసి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"చెప్పండి. మొదటి నుంచీ చెప్పండి. మధ్యలో ఏదీ వదలొద్దు."

ఆయన చాలా ఏళ్లు ఒక విత్తనాల కంపెనీలో క్రాసింగ్ పనులు చేయించాడు. అంటే ఒక మిరప మొక్క పువ్వు మీద ఇంకో మొక్క పుప్పొడి చేతితో అద్ది కొత్త రకం పుట్టించడం. ఆ ఉద్యోగం మానేసి, సొంత రెండెకరాల్లో తొమ్మిదేళ్ల నుంచి తనే ఒక రకం తయారుచేస్తున్నాడు. కాయ ఎర్రగా ఉండాలి, ఆకుముడత తెగులు తట్టుకోవాలి, ఇదీ ఆయన పట్టుదల. ఏటా కొన్ని మొక్కలు ఏరడం, వాటి గింజలు కవర్లలో కట్టడం, కవరు మీద ఒక నంబరు వేయడం. నంబరు తప్ప ఇంకేమీ రాయడు. నలభై ఒకటి అంటే ఏ తల్లి, ఏ తండ్రి, ఏ మడి, అదంతా వేరే నోట్‌బుక్కులో ఉండేది.

"ఒకసారి మా దగ్గర పనిచేసేవాడు ఆ నోట్‌బుక్కు ఎవరికో చూపించాడండి. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. అంతా దీంట్లోకి ఎక్కించుకున్నా. ఎక్కించి నోట్‌బుక్కులు పొయ్యిలో పెట్టేశా."

"పొయ్యిలో పెట్టారా?"

"మా ఆవిడ చేత్తోనే పెట్టించా. సాక్షి ఉండాలని."

ఆయన అమాయకత్వానికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ప్రాంతంలో విత్తనం చేసేవాళ్ల భయం నాకు కొత్త కాదు. తల్లి మొక్క ఏదో సొంత తమ్ముడికి కూడా చెప్పరు. కానీ ఉన్న ఒక్క కాగితం కాల్చుకున్నవాణ్ణి ఈయన్నే చూశాను.

మొన్న ఏం జరిగిందంటే, ఎవరో ఒక సీడీ ఇచ్చారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి పెద్ద అప్‌డేట్, వేసుకుంటే దొంగలు లోపలికి రాలేరు అని చెప్పారు. దొంగలు అనగానే ఈయన వెంటనే వేసేశాడు. సగంలో కరెంటు పోయింది. వచ్చాక ఆన్ చేస్తే నల్ల తెర, తెల్ల అక్షరాలు. ఫలానా ఫైలు లేదు లేదా పాడైంది, మొదలుపెట్టలేను అని దాని భావం. చీరాల తీసుకెళ్తే అక్కడి షాపువాడు ఫార్మాట్ కొడతానన్నాడట. ఏం అనుమానం వచ్చిందో, లాక్కుని వచ్చేశాడు.

"నారుమడి తయారుగా ఉందండి. ఈ వాన పదును పోతే మళ్లీ ఎప్పుడో. పోనీ ఏవో కవర్లు పోసేద్దామంటే ఇంట్లో అరవైకి పైగా ఉన్నాయి. ఏ గింజ ఏదో నాకు తెలియదు. అన్నీ పోసి, పెంచి, మళ్లీ ఏరుకుంటూ రావాలంటే ఇంకో తొమ్మిదేళ్లు. నాకు యాభై దాటాయి."

నేను లాప్‌టాప్ తిరగేశాను. కింద బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ గాడి ఉంది.

"బ్యాటరీ ఏదండీ? అది ఉంటే కరెంటు పోయినా ఆగదు కదా."

"ఇంట్లో భద్రంగా ఉందండి. బీరువాలో, పట్టుచీరల పక్కన."

"బీరువాలో ఎందుకు?"

"మీరే కదండీ కొన్నరోజు చెప్పారు. ఇంట్లో వాడేటప్పుడు తీసి పక్కన పెట్టుకోండి, అరగకుండా ఎక్కువ కాలం వస్తుందని."

బాషా గారు చేతిలో టీ గ్లాసుతో అలాగే ఆగిపోయారు. చెప్పింది నేనే. లాప్‌టాప్ కొన్న ప్రతివాళ్లకీ చెప్పేదాన్ని. కొత్త బ్యాటరీ అంటే జనానికి గుండె గుభేలుమనే ధర, కాబట్టి ఆ సలహా ఇస్తే నన్ను మెచ్చుకునేవారు. మా ఊళ్లల్లో కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలిసి కూడా చెప్పాను చూడండి, అదీ నా తెలివి.

"తప్పు నాదేనండి" అన్నాను. అనడానికి నాలిక తిరగలేదు, అయినా అన్నాను.

"తప్పుల సంగతి తర్వాత చూసుకుందాం మేడం గారూ. ముందు దాన్ని బతికించండి."

మళ్లీ పచ్చ పేర్లు

డిస్కు బయటకి తీశాను. చిన్న కన్వర్టర్ పెట్టి మా షాపు కంప్యూటర్‌కి తగిలించాను. ఫైళ్లు కనపడ్డాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. కాపీ చేసుకుంటే అయిపోయింది అనుకుంటూ ఆయన ఫోల్డర్ తెరిచాను.

అన్ని పేర్లూ పచ్చగా ఉన్నాయి.

చెప్పొద్దూ, ఒక్కసారిగా నరసరావుపేట బస్సులో కూర్చున్నట్టయింది నాకు. కాపీ చేయబోతే అనుమతి లేదంది. దొంగల భయంతో ఈయనా తాళం వేసుకున్నాడు. అది ఎలా వేయాలో ఏదో పత్రికలో చదివి నేర్చుకున్నాడట. చీరాలలో ఫార్మాట్ కొట్టి ఉంటే ఆ తాళంచెవి అక్కడే పోయేది. అంటే ఫైళ్లు దక్కితే చాలదు. ఆగిపోయిన ఆ సిస్టమే, అదే పాస్‌వర్డ్‌తో, మళ్లీ లేచి నిలబడాలి. కొత్తది వేస్తే పనికిరాదు.

నిజం చెప్పాలంటే భయం ఎంత వేసిందో, హుషారు కూడా అంతే వచ్చింది. ఈసారి నేను ముందే చూశాను. ఈసారి ఇంకా ఏమీ తుడవలేదు.

"బాషా గారూ, అసలు డిస్కు మీద నేను చెయ్యి వెయ్యను. అచ్చంగా ఇలాంటిదే ఇంకోటి తయారుచేసి దానిమీద పనిచేస్తాను" అన్నాను.

ఆయన లోపలికెళ్లి అమ్మకానికి పెట్టిన కొత్త డిస్కు ఒకటి సీలు చింపి తెచ్చి బల్ల మీద పెట్టారు. ఏమీ అడగలేదు. ఇలాంటి యజమాని దొరికితే వదలకండి.

పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఫైళ్లు కాపీ చేయడం వేరు, డిస్కుని మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఉన్నదున్నట్టు ఇంకో డిస్కు మీదికి దించడం వేరు. రెండోది చేస్తే తాళాలు తాళాలుగానే వస్తాయి, తాళంచెవులు కూడా వస్తాయి. నకలు మీద ఎన్ని ప్రయోగాలు చేసినా అసలు క్షేమంగా ఉంటుంది. దానికి మూడు గంటలు పట్టింది. కరెంటు పోయినా ఆగకుండా యూపీఎస్‌కి తగిలించాను, ఈ మాత్రం బుద్ధి అప్పటికి వచ్చింది.

ఆ మూడు గంటలూ ఊరికే కూర్చోలేక, మా దగ్గర లాప్‌టాపులు కొన్నవాళ్ల ఫోన్ నంబర్ల పుస్తకం తీశాను. వరసగా అందరికీ ఫోన్ చేశాను. "నేనేనండి, దయామణిని. బ్యాటరీ తీసి దాచుకోమన్నాను కదా, తప్పు చెప్పాను. వెంటనే పెట్టెయ్యండి." తెనాలిలో ఒకాయన బ్యాటరీని చెడిపోకుండా ఫ్రిజ్‌లో పెట్టాడట, పెరుగు గిన్నె పక్కన. పొన్నూరులో ఒకావిడ, "అదా అమ్మా, కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టాం" అంది. బాషా గారు పడీపడీ నవ్వారు. కోటేశ్వరరావు గారు కూడా నవ్వాడు. పొద్దుటి నుంచి ఆయన మొహంలో నవ్వు చూడటం అదే మొదలు.

రెండో ప్రయత్నం

నకలు తయారైంది. అసలు డిస్కుని ఆయన తువ్వాల్లోనే చుట్టి ఆయన ఒళ్లోనే పెట్టాను.

ఇప్పుడు చేయాల్సిన పని వినడానికి సులువు. అప్‌డేట్ మొదలయ్యే ముందు సిస్టమ్ తన ముఖ్యమైన ఫైళ్లకి పాత ప్రతులు తీసి ఒక మూల దాచుకుంటుంది. మామూలుగా ఆ మూలకి మనల్ని పోనివ్వదు. నకలుని మా కంప్యూటర్‌కి తగిలించి, నాకు నేనే అనుమతి ఇచ్చుకుని, ఆ పాత ప్రతులు తీసి పాడైనవాటి స్థానంలో పెట్టాను. నకలుని లాప్‌టాప్‌లో బిగించి ఆన్ చేశాను. నల్ల తెర పోయింది. బొమ్మ వచ్చింది. కోటేశ్వరరావు గారు కుర్చీలోంచి లేచాడు. అంతలో తెరంతా నీలం రంగు వచ్చి మిషన్ ఆగిపోయింది.

ఆయన మెల్లగా కూర్చున్నాడు.

"ఇది నకలేనండి, అసలు మీ ఒళ్లో ఉంది" అన్నాను. ఆయనకి ధైర్యం చెప్పానో నాకు నేను చెప్పుకున్నానో తెలియదు.

బాషా గారు వచ్చి నా వెనక నిలబడ్డారు. "సగం కొత్తది, సగం పాతది అయిందేమో చూడు మణీ. పాత రేడియోకి కొత్త బల్బు పెడితే పాడుతుందా?"

రేడియోతో పోల్చారు గానీ మాట సూటిగా తగిలింది. నేను పాత స్థితి తెచ్చాను సరే, సగం ఎక్కిన అప్‌డేట్ ఫైళ్లు అలాగే ఉన్నాయి. రెండూ పొసగటం లేదు. వద్దనుకుంటే అప్‌డేట్‌ని తీసేయడానికి ఇంకో ఫోల్డర్‌లో పాత ఫైళ్లు ఉంటాయి. సిస్టమ్ సీడీతో మొదలుపెట్టి, ఆ నల్ల తెర మీదే ఆజ్ఞలు టైపు చేసి, అప్‌డేట్ మార్చినవన్నీ ఒక్కొక్కటీ వెనక్కి పెట్టించాను. ఫైళ్ల పేర్లు తెర మీద పరుగులు పెడుతున్నాయి. నాకు ఆకలి లేదు, దాహం లేదు. ఎవరైనా పలకరిస్తే కరిచేలా ఉన్నాను.

మళ్లీ ఆన్ చేశాను. బొమ్మ వచ్చింది. నీలం రాలేదు. పాస్‌వర్డ్ అడిగే తెర వచ్చింది.

"మీరే కొట్టండి" అని గోడవైపు తిరిగాను. బాషా గారు కూడా తిరిగారు. ఒక్కొక్క మీటే వెతుక్కుని నొక్కుతున్న చప్పుడు. తర్వాత, "వచ్చింది మేడం గారూ" అన్నాడు.

పచ్చ పేరున్న ఫైలు మీద నేను రెండుసార్లు నొక్కాను. ఇసుక గడియారం గుర్తు తిరిగింది, తిరిగింది. ఫైలు తెరుచుకుంది. నంబర్లు, తల్లులు, తండ్రులు, మడులు, తొమ్మిదేళ్ల వరసలు. నేను కేక పెట్టాను, సిగ్గు లేకుండా. బాషా గారు నా నెత్తి మీద ఒక్కటిచ్చారు. అదే ఆయన మెచ్చుకోలు.

కోటేశ్వరరావు గారు అరవలేదు. తెర దగ్గరికి మొహం పెట్టి, వేలితో ఒక్కో వరసా తడుముకుంటూ కిందికి వెళ్లాడు. ఆయన చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. తర్వాత, "ఒక్క ఫోన్ చేసుకోవచ్చా?" అన్నాడు.

సరిగ్గా అప్పుడే సాంబయ్య గారు ప్రింటర్ కోసం లోపలికి వచ్చారు. ఈయన చూడలేదు.

"పద్మా, నేనే. వినపడుతోందా? వచ్చేసింది. అన్నీ వచ్చేసినయ్. కవర్ల డబ్బా తియ్యి. నలభై ఒకటి తియ్యి. నలభై ఒకటే, నాలుగు పక్కన ఒకటి. అది ఆడ లైను. దానికి మగది పదిహేడు. మడి మొదట్లో పదిహేడు పొయ్యి, తర్వాత గట్టు వదిలిపెట్టి..."

తొమ్మిదేళ్లు భార్యతో తప్ప ఎవరితోనూ అనని మాటలు, విత్తనాల షాపాయన రెండడుగుల దూరంలో నిలబడి ఉండగా, ఫోన్ సరిగా వినపడట్లేదని గొంతెత్తి చెప్తున్నాడు. నేను కళ్లతో సైగ చేశాను. నా వంక చూస్తేగా. బాషా గారికి అర్థమైంది. సాంబయ్య గారి డాట్ మాట్రిక్స్ ప్రింటర్ బాగుచేసి పక్కనే పెట్టి ఉంది. గబుక్కున దాని మీట నొక్కి టెస్ట్ పేజీ మొదలుపెట్టారు. అది కీచుమంటూ షాపంతా మోగించింది.

"ఏంటా గోల?" అని పద్మ గారు అడిగినట్టుంది. ఈయన ఇంకా గట్టిగా అరిచాడు. "ఏదో ప్రింటర్‌లే. యాభై మూడు, యాభై మూడు తియ్యి. అది ముడత రానిది."

ఫోన్ పెట్టేసి ఇటు తిరిగాడు. సాంబయ్య గారిని చూశాడు. మొహం పాలిపోయింది. ప్రింటర్ కూడా అప్పుడే ఆగింది.

"నేనేం వినలేదండి" అన్నారు సాంబయ్య గారు. "నా ప్రింటర్ గోలే నాకు సరిపోయింది."

కోటేశ్వరరావు గారు ఒళ్లో ఉన్న అసలు డిస్కుని బల్ల మీద పెట్టాడు. మా అందరి వంకా చూశాడు.

"విన్నా ఫర్వాలేదులెండి. గింజలు మా ఇంట్లో ఉన్నయ్. ఆ నంబర్లు ఎవరన్నా ఎత్తుకుపోతారేమోనన్న భయం కన్నా, నాకే లేకుండా పోతాయేమోనన్న భయమే పెద్దదని ఇవాళ తెలిసింది." సాంబయ్య గారి వైపు తిరిగి, "మీ ప్రింటర్ బాగైనట్టుందే. అభ్యంతరం లేకపోతే నాకో కాగితం తీసిపెట్టుకుంటా" అన్నాడు.

సాంబయ్య గారు పక్కకి జరిగి చోటిచ్చారు. నేను తీగ తగిలించి ఆ జాబితా అంతా ప్రింటు కొట్టాను. అంచుల్లో చిల్లులున్న పొడుగాటి కాగితం వరస వరసగా కిందికి దిగింది. సాంబయ్య గారే వంగి దాన్ని అందుకుని, చూపు పక్కకి తిప్పుకుని చింపి, అక్షరాలు లోపలికి వచ్చేలా నాలుగు మడతలు పెట్టి, కోటేశ్వరరావు గారి చొక్కా జేబులో పెట్టారు.